పడుగు జాగాలో పన్నెండడుగుల డిష్

1993 ఏప్రిల్‌లో నన్ను మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి బ్రాంచికి సీనియర్ టెక్నీషియన్‌గా వేశారు. డిష్ యాంటెన్నాలు అమ్మి, బిగించి, తర్వాత వాటి బాగోగులు చూసే ప్రైవేటు కంపెనీ మాది. గద్వాల, నాగర్‌కర్నూల్ కూడా మా బ్రాంచి కిందికే వచ్చేవి. మాలో హెల్పరు, టెక్నీషియను, సీనియర్ టెక్నీషియను, ఆపైన సూపర్‌వైజరు ఉండేవారు. డిష్ ఎక్కడ నిలబెట్టాలో తేల్చే అధికారం సీనియర్ టెక్నీషియన్‌ది. అతను చూపించిన చోటే గుంత తవ్వాలి. బ్రాంచి మేనేజరు కూడా కాదనడానికి వీల్లేదు. ఆ అధికారాన్ని గద్వాలలో నేనెట్లా వాడానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఈ రోజుల్లో గోడకు పళ్ళెమంత డిష్ తగిలించుకుంటే నాలుగు వందల చానళ్ళు వస్తున్నాయి. అప్పుడట్లా కాదు. ఇంట్లో శాటిలైట్ టీవీ రావాలంటే పన్నెండడుగుల వెడల్పున్న జల్లెడ డిష్ కావాలి. దాన్ని మోయడానికి లావుపాటి ఇనుప స్తంభం, ఆ స్తంభం కదలకుండా మూడడుగుల లోతున కాంక్రీటు దిమ్మె. మా వైపు నుంచి ఆ చానళ్ళు పంపే ఉపగ్రహం తూర్పుకు కాస్త ఆగ్నేయంగా, ఆకాశంలో సగం ఎత్తుకు పైన ఉంటుంది. ఆ దిక్కున చెట్టు కొమ్మ కూడా అడ్డం ఉండకూడదు. ఇంత వస్తువును ఎవరికీ తెలియకుండా పెట్టమని అడిగేవాళ్ళు కూడా ఉండేవారు.

నాగర్‌కర్నూల్‌లో ఒకాయన మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక పెట్టించుకున్నాడు. పక్కింట్లోనే ఉండే బామ్మర్దులు సాయంత్రమైతే వచ్చి కూర్చుంటారని ఆయన భయం. అయిజలో ఒక పత్తి వ్యాపారి, ఆఫీసర్ల కంట పడకుండా గోదాము వెనక పెట్టించాడు. వీటిలో నాకు తప్పేమీ కనిపించలేదు. ఎవరింట్లో వస్తువు వాళ్ళు దాచుకుంటే మనకేం పోయింది?

ప్రతి పనికీ మాకొక జాబ్ కార్డు ఇచ్చేవారు. కస్టమరు పేరు, ఇంటి గుర్తులు, డిష్ కొలత అన్నీ అందులో ఉంటాయి. మే మొదటివారంలో వచ్చిన గద్వాల కార్డు మీద మేనేజరు ఎర్ర పెన్సిలుతో "బయటికి తెలియకూడదు" అని రాసి, కింద రెండు గీతలు కొట్టాడు. "పెద్దమనిషి. పని అయినాక కూడా ఎవరడిగినా పేరు చెప్పొద్దు. కంపెనీ రూలు నీకు తెలుసు కదా" అన్నాడు. తెలుసు. కస్టమరు వివరాలు మూడో మనిషికి చెబితే ఉద్యోగం పోతుంది.

ఆ పెద్దమనిషి రిటైరైన హెడ్మాస్టరు. ఊరంతా ఆయన్ను పెద్దసారు అనేవారు, నేనూ అట్లాగే అంటాను. తాతల నాటి ఆస్తి బాగానే ఉంది. చేనేత వీధిలో ఒక వరస ఇళ్ళన్నీ ఆయనవే. అన్నిటిలోనూ నేతవాళ్ళే అద్దెకుండేవారు. అంతకు ముందు ఏడాది ఆ పేటలో ఎవరో కేబుల్ టీవీ మొదలుపెడితే, ఆడపిల్లలు చెడిపోతారని, పిల్లల చదువులు మట్టికొట్టుకుపోతాయని పెద్దసారు ఒక సంఘం పెట్టి, సభలు జరిపి, ఆ తీగలన్నీ పీకించేశారు. ఇంట్లో ఎవరైనా దొంగతనంగా కనెక్షన్ పెట్టుకుంటే సంఘం వచ్చి నిలదీస్తుందని చాటింపు కూడా వేయించారట. ఈ సంగతి బస్టాండులో టీ తాగుతుంటే హోటలాయన చెప్పాడు. నా జేబులో ఉన్నది పెద్దసారు పేరు మీది జాబ్ కార్డే. 

శ్రీరంగనీతులు చెప్పేవాళ్ళు నాకు కొత్త కాదు. నవ్వుకుని పనికి పోయాను. అప్పుడు నవ్వు వచ్చినందుకు ఇప్పుడు నా మీద నాకే కోపం.

ముందు సైటు సర్వే చేయాలి. చేతిలో దిక్సూచి, కోణం కొలిచే పరికరం పట్టుకుని, ఆకాశం ఎక్కడి నుంచి అడ్డం లేకుండా కనిపిస్తుందో చూడటమే ఆ సర్వే. పెద్దసారు ఇంటి మేడ దీనికి చక్కగా పనికొస్తుంది. కానీ రోడ్డు మీద పోయే ప్రతివాడికీ కనిపిస్తుంది. కాంపౌండులో పెడదామంటే ఆగ్నేయాన చింతచెట్టు అడ్డం. ఆయన దొడ్డి తలుపు తీసి, సన్నటి సందు దాటించి, వెనక వరసలో ఒక ఇంటి పెరట్లోకి తీసుకుపోయారు. రెండు వైపులా ఎత్తైన రాతిగోడలు, మీద నిండా ఆకాశం. దిక్సూచి చూడకముందే తెలిసిపోయింది, ఇంతకంటే మంచి చోటు దొరకదని.

ఆ పెరట్లో ఈ చివరన రెండు, ఆ చివరన రెండు గుంజలు పాతి ఉన్నాయి. ఇవేమిటని అడిగాను.

"నేతోళ్ళవిలే. మన జాగనే. వాండ్లు సర్దుకుంటరు" అన్నారు పెద్దసారు.

ఆ ఇంట్లో ఉండేది తిమ్మప్ప, అతని భార్య సవారమ్మ. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకే మగ్గం మీద కూర్చుని నేసేవారు. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలునూ పట్టునూ నేతలోనే పోగుకు పోగు ముడేస్తూ పోవాలి కాబట్టి ఒక మనిషితో జరగదు. మగ్గం ఇంటి నేలలో గుంత తవ్వి దించింది. ఇల్లు ఖాళీ చేస్తే మగ్గాన్ని నెత్తిన పెట్టుకుని పోవడానికి ఉండదు. పోయిన చోట మళ్ళీ గుంత తవ్వాలి, అది కుదురుకోవడానికి నెలలు పట్టాలి. ఇక ఆ గుంజలు పడుగు కోసం, అంటే మగ్గం మీద నిలువుగా సాగే పోగుల కోసం. నూలు పడుగును మగ్గానికెక్కించే ముందు పెరటి పొడుగునా గుంజల మధ్య బిగించి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే ఆరబెట్టుకోవాలి. పడుగు సాపడమంటే ఇదే. ఆ పొడుగు జాగా లేకపోతే పడుగు లేదు, పడుగు లేకపోతే చీర లేదు. ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నాను. ముందే అడిగి తెలుసుకోవలసినవాణ్ణి.

విడి భాగాలుగా ఉన్న డిష్‌ను గోనెసంచుల్లో చుట్టి పత్తి లారీలో తెప్పించాము. ఇద్దరు కూలీలు గుంతకు ముగ్గు గీసుకుంటుంటే మగ్గం చప్పుడు ఆగింది. సవారమ్మ గడప దాటి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయేమో, చేతికి ఇంకా నూలు దుమ్ము అంటుకుని ఉంది.

"ఏంది పెద్దసారూ ఇది?" అని అడిగింది.

నాకు ఈ రోజుకూ నమ్మశక్యం కాదు, ఆ మనిషి కన్నార్పకుండా చెప్పాడు. "సర్కారు కొత్త స్కీము సవారమ్మా. ఎండ పట్టి నీళ్ళు కాగబెట్టే యంత్రం. ముందుగాల మీ ఇంటికే ఇప్పిస్తున్న."

ఆమె నా వైపు చూసింది. ప్యాంటు వేసుకుని, యంత్రం తెచ్చినవాణ్ణి నేనే కదా. నేను అవుననలేదు, కాదనలేదు. దిక్సూచిలోకి చూస్తూ నిలబడ్డాను.

"నీళ్ళు కాగితే మంచిదే సారూ. గంజి కాసుకోనీకె కట్టెలు తప్పుతయి. కానీ మీరు తవ్వేది సరిగ్గ మేము పడుగు సాపే తాన. జర అటు జరిపి పెట్టుండ్రి" అంది ఆమె.

ఆమె చూపించిన చోటు పడమటి గోడ పక్కన. వెళ్ళి కొలిచాను. ఆరడుగులు పక్కకు జరిపినా సిగ్నలులో వెంట్రుకవాసి తేడా రాదు. ఆ మాట పెద్దసారుతో చెప్పాను కూడా. అక్కడ పెడితే డిష్ పై అంచు సందులోకి కనిపిస్తుందని ఆయన ఒప్పుకోలేదు. చోటు తేల్చే అధికారం నాది. కాంక్రీటు పోస్తే ఇరవై ఏళ్ళయినా కదలదని తెలిసినవాణ్ణీ నేనే. ఆ ఆరడుగుల కోసం నేను పట్టుబట్టి ఉండాల్సింది. "సరే సార్" అన్నాను. రెండు జతల గుంజల నడిమధ్య దిమ్మె పోయించాను.

కాంక్రీటు గట్టిపడ్డాక డిష్ ఎక్కించి, సిగ్నలు కొలిచే మీటరు ఒకటి పక్కన పెట్టుకుని, దాని ముల్లు నిండుగా లేచేదాకా అంగుళం అంగుళం తిప్పి బోల్టులు బిగించాము. ప్లాస్టిక్ పైపులో తీగ దూర్చి, అడుగున్నర లోతున సందు కింద నుంచి పాతి, పెద్దసారు ఇంటి వెనక గోడలోకి ఎక్కించాము. గోడకు కొట్టిన కన్నం మీద సున్నం కూడా పూయించారాయన. పని పూర్తయినట్టు కార్డు మీద సంతకం పెట్టి, "భేష్, మూడో కంటికి తెల్వకుండ చేసినవ్" అన్నారు. నేను ఉబ్బిపోయాను.

జూలైలో ఫిర్యాదు వచ్చింది. బొమ్మ నిండా చుక్కలు పడుతున్నాయని, వెంటనే రమ్మని. గాలికి డిష్ కదిలి ఉంటుందనుకుని పొద్దున్నే గద్వాల చేరి, నేరుగా ఆ పెరట్లోకి పోయాను. చూస్తే డిష్ ఊచలకు చుట్టూ రంగు వేసిన నూలు చిలపలు, అంటే నూలు కట్టలు, తడితడిగా వేలాడుతున్నాయి. ఆ బరువుకు డిష్ ఒక పక్కకు ఒరిగి, స్తంభానికి బిగించిన పట్టీ జారిపోయింది. డిష్ నడుమ కింద, సరిగ్గా బొడ్డు దగ్గర, మూతపెట్టిన సత్తుగిన్నె ఒకటి ఉంది. అందులో చల్లటి గంజి.

నన్ను చూసి సవారమ్మ ఇబ్బంది పడింది. "నీళ్ళు కాగుతయంటిరి, దినాం పెట్టి చూస్తున్న సారూ, గోరువెచ్చగ గూడ కాకపాయె. మేము పెట్టే తీరు తెల్వదేమో అనుకున్న. నూలన్న ఆరుతదని ఏసిన. ఖరాబైందా ఏంది?"

రెండు నెలలుగా రోజూ ఆ గిన్నె పెట్టి చూస్తోందట. తప్పు తమదేననుకుంటోంది. పడుగు ఎక్కడ సాపుతున్నారని అడిగాను. ఊరి బయట మైదానానికి మోసుకుపోతున్నారు. అక్కడ గాలికి పోగులు చిక్కుపడుతున్నాయి. మొన్న వానలో ఒక పడుగు మొత్తం తడిసి ముద్దయి, పనికి రాకుండా పోయింది. "ఇయ్యాల రేపు నేసుడు కంటె మోసుడే ఎక్కువైంది సారూ" అన్నాడు తిమ్మప్ప, గడపలో కూర్చుని. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

నేను చిలపలు ఒక్కొక్కటే తీసి ఆమెకందిస్తుండగా సందులో మాటలు వినిపించాయి. పది పన్నెండు మంది పెరట్లోకి వచ్చారు. సంఘం వాళ్ళు. బొంబాయి పనికి పోయి ఆ వారమే తిరిగొచ్చిన ఒకతను పక్కింటి కప్పెక్కి పెంకులు సర్దుతూ దీన్ని చూశాడట. "ఇది నీళ్ళు కాగే మిషిన్ కాదన్నా. బొంబాయిల పెద్ద పెద్ద బిల్డింగుల మీద సూసిన. ఇది టీవీ గొడుగు" అని చెప్పాడట. అతనన్నది నిజం. నిలదీయడానికి సంఘం బయల్దేరింది. సంఘానికి ముందు నడుస్తున్నది అధ్యక్షుడు, మన పెద్దసారు.

ఆయన నన్ను చూసి ఒక్క క్షణం తడబడ్డారు. అంతే. దొంగే దొంగా దొంగా అని అరవడం నేను విన్నాను గానీ, అంత గట్టిగా అరవడం మాత్రం అదే చూడటం.

"ఏందిరా తిమ్మప్పా ఇది? ఊరంత ఒక్క మాట మీద ఉంటే నా ఇంట్ల ఉండుకుంట నా కండ్లల్లనే మన్ను కొడతవా? ఆడపిల్లలున్న వాడకట్టు ఇది. సిగ్గులేదా?" అని కేకలేశారు. తిమ్మప్ప లేచి నిలబడి, "నాకేం తెల్వదు పెద్దసారూ, మీరే గదా..." అనబోతే, "నోర్ముయ్! అబద్ధమాడితే పండ్లు రాల్తయి. ఆయితారం లోపల ఇల్లు ఖాళీ చెయ్యి" అన్నారు.

 ఇల్లు ఖాళీ చేయడమంటే ఆ గుంతమగ్గాన్ని పూడ్చడమే. సగం నేసిన చీర ఇంకా దాని మీదే ఉంది. ఆ ఇంట్లో టీవీ లేదు. రేడియో కూడా లేదు. ఉన్నది ఒక్క కరెంటు బుగ్గ, అదీ మగ్గం పైన.

సంఘంలో ఒక పెద్దాయన నా వైపు తిరిగి, "నువ్వు కంపెనీ మనిషివి కదా? ఇది పెట్టించుకున్నదెవరు?" అని సూటిగా అడిగాడు.

అందరూ నా వైపు చూశారు. పెద్దసారు కూడా చూశారు. ఆ చూపులో బెదిరింపు లేదు, ధీమా ఉంది. కంపెనీ రూలు నాకు తెలుసన్న ధీమా. కార్డు నా చొక్కా జేబులోనే ఉంది, దాని మీద ఆయన సంతకముంది. నాకు ఇద్దరు పిల్లలు, ఉద్యోగం ప్రైవేటు. "కస్టమరు పేరు చెప్పకూడదండీ, రూలు ఒప్పుకోదు" అన్నాను.

ఆ మాట తిమ్మప్ప మెడకు ఉరితాడయింది. పేరు చెప్పడానికి వీల్లేదంటే, ఎవరి పెరట్లో ఉందో వాడిదేనని లెక్క. ఇద్దరు ముగ్గురు అప్పుడే తల ఆడించారు.

అప్పుడు సవారమ్మ చేతిలోని నూలు చిలపలు గుంజ మీద వేసి, నా ముందుకొచ్చింది. "పేరెందుకు సారూ, ఉండనీ. పేరు జెప్పి నీ నౌకరి పోగొట్టుకోకు" అంది. ఆ మాటకు నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె డిష్ స్తంభం చుట్టూ తిరిగి, దాని వెంబడి దిగి మట్టిలోకి పోయే నల్లతీగను పట్టుకుంది. "మాకు ఒక్కటే తెలుసు. పోగు అన్నంక రెండు కొసలుంటయి. ఒక కొస ఈడున్నది. రెండో కొస యాడికి పోయిందో సూత్తె అయిపాయె" అంటూ గోడకు చేరేసిన గడ్డపార తీసుకుంది.

"ఏయ్, ఆగు!" అన్నారు పెద్దసారు. "మీదైతే కాదు గద పెద్దసారూ, మీకేం నొప్పి?" అంది ఆమె, గడ్డపార దించుతూనే.

నేల వాన తడికి మెత్తగా ఉంది. పైపు బయటపడింది. ఆమె తవ్వుతుంటే తిమ్మప్ప వెనకే పారతో మట్టి లాగాడు. చప్పుడుకు పక్క ఇళ్ళలో మగ్గాలు కూడా ఆగాయి. ఆడవాళ్ళు బయటికొచ్చి తలా ఒక చెయ్యి వేశారు. పడుగులో తెగిన పోగును వెతికి పట్టుకోవడం వాళ్ళకు రోజూ ఉండే పనే. పెరటి గోడ కింద నుంచి, సందు దాటి, అరగంట కూడా పట్టలేదు, తీగ పెద్దసారు వెనక గోడ దగ్గర తేలింది. పూసిన సున్నం గోటితో గీరితే రాలిపోయింది.

అందరూ చూస్తుండగా ఆయన తలదించుకుంటారనుకున్నాను. నా పిచ్చి! ఆయన గొంతు సవరించుకుని, "ఆ టీవీ వాండ్లు ఏం చెడు చూపిస్తున్నరో మనకు తెలవకుంటే ఎట్ల ఎదిరిస్తం? అధ్యయనం కోసం పెట్టించిన. సంఘం పని మీదనే" అన్నారు. అంతకంటే ఒళ్ళు మండిన సంగతి ఏమిటంటే, సంఘంలో నలుగురు అది నిజమేనన్నట్టు తల ఊపారు. ఒకాయన, తాను కూడా సాయంత్రం పూట వచ్చి అధ్యయనం చేయవచ్చా అని మెల్లగా అడిగాడు. తిమ్మప్పకు క్షమాపణ చెప్పాలని ఒక్కడికీ తోచలేదు.

సవారమ్మ మాత్రం అంతటితో వదల్లేదు. "అజ్జెనమో గిజ్జెనమో మీ మిద్దె మీద చేసుకోండ్రి. మా పడుగు జాగ మాకియ్యండ్రి. ఇల్లు ఖాళీ చేసే మాట మళ్ళ రావద్దు, ఇంతమంది ముంగట చెప్పండ్రి" అని గడ్డపార ఆనుకుని నిలబడింది. ఆమె వెనక వీధి ఆడవాళ్ళంతా ఉన్నారు. ఆయన చెప్పారు. చెప్పక ఏం చేస్తారు?

ఆ మధ్యాహ్నమే డిష్ విప్పి, రెండు రోజుల్లో ఆయన మేడ మీదికెక్కించాను. రోడ్డు మీది నుంచి చక్కగా కనిపిస్తుంది. బొమ్మ కూడా మునుపటికంటే తేటగా వచ్చింది. పెరట్లో దిమ్మెను మాత్రం పూర్తిగా పెకలించలేకపోయాము. నేల మట్టానికి స్తంభం కోసి, పైభాగం సుత్తెతో కొట్టించి, మట్టి కప్పించాను. పడుగు కింద నడిచేటప్పుడు కాలికి తగలదని తిమ్మప్ప నడిచి చూసి చెప్పాడు.

తర్వాత నేను సూపర్‌వైజరునై, సర్వీసు మేనేజరుగా రిటైరయ్యాను. నా కింద పనిచేసినవాళ్ళందరికీ ఒక పద్ధతి పెట్టాను. గుంత తవ్వే ముందు ఆ నేల మీద రోజూ ఎవరు పనిచేస్తారో వాళ్ళను పిలిచి అడగాలి, యజమాని ఒప్పుకోలు ఆ తర్వాతే. రహస్యంగా పెట్టమని ఎవరైనా అడిగితే, బయటపడిన రోజున ఎవరి మీద పడుతుందో ముందు చూసుకోవాలి. అది కస్టమరు కాకపోతే ఆ పని మనకొద్దు. ఈ రెండు ముక్కలూ నాకు గద్వాల నేర్పింది.

నేర్పిన తీరు కూడా చెప్పాలి. వారం తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి నాకు మెమో వచ్చింది. కస్టమరు రహస్యాన్ని ఇతరులకు వెల్లడించినందుకు సంజాయిషీ చెప్పమని. "నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. పదిమంది ముందు అడిగినా చెప్పలేదు" అని రాసి పంపాను. విచారించి, అది నిజమేనని తేల్చి, మెమో వెనక్కి తీసుకున్నారు. నా సర్వీసు రికార్డులో మచ్చ లేదు. ఆ రోజు నేను నోరు తెరిచి, ఆ మెమోకు అర్హుణ్ణి అయ్యుండాల్సింది.